ఆర్థిక సంక్షోభానంతర ధరల గతి: గుంటూరు, ప్రకాశం జిల్లాల అనుభవము

కృష్ణానదికి దక్షిణమున పలనాటి నుండి ఒంగోలు దాక వ్యాపించిన నల్లరేగడి భూములలో పత్తి, మిరప, పొగాకు అనునవి ఇంటి తిండికి గాక అమ్మకము కొరకే పండించు పంటలు. విత్తనము నాటిన దినముననే రైతు తెచ్చిన అప్పు రూపాయలలో స్థిరపడిపోవును గాని, ఆ అప్పు తీర్చవలసిన పంటకు ఆరేడు మాసముల పిమ్మట ఏ ధర పలుకునో ఎవ్వరికిని తెలియదు. స్థిరమైన అప్పునకును అస్థిరమైన ధరకును నడుమ గల ఈ దూరము వలననే, బొంబాయిలోనో లండనులోనో న్యూయార్కులోనో ఒక ద్రవ్యసంస్థ చెల్లింపులు నిలిపివేసినప్పుడు దాని ఫలితము చిలకలూరిపేట, నరసరావుపేట, పర్చూరు ప్రాంతముల పొలముల వరకు ప్రాకి వచ్చుచున్నది. సంక్షోభము వెనుక ధరలు పెరిగి రూపాయి విలువ క్షీణించునా, లేక ధరలు పడిపోయి రూపాయి బరువెక్కునా అను విషయముపై ఇచ్చటి రైతు, వర్తకుడు, చిన్న మదుపరి మనుగడ ఆధారపడి యున్నది.

నూటయరువది యేండ్లకు పైబడిన అనుభవమును వరుసగా పరిశీలించినచో ఒక క్రమము కనబడును. పరపతి కూలుటచేత వచ్చిన సంక్షోభమున మొదట ధరలు పడును; అవి మరల లేచుటయు, ఎంత ఎత్తునకు లేచుటయు నాణెమును అదుపు చేయు ప్రభుత్వము యొక్క చర్యపై ఆధారపడును. విదేశమారకము కొరవడుటచేత వచ్చిన సంక్షోభమున మాత్రము ధరలు ప్రారంభము నుండియే పెరుగును. రాబోవు ద్రవ్యోల్బణమును సరిగా ఊహించి, దానికి సిద్ధపడుటకై అప్పుచేసి ఆస్తులు కొని, అంతకు ముందు రావలసిన పతనములోనే సర్వమును కోల్పోయిన కుటుంబముల దుర్గతి ఈ విషయమునకు ప్రాణమువంటిది. అర్థశాస్త్ర గ్రంథములు దీనికి తగినంత స్థలము నీయలేదని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

పరపతి సంకోచము పనిచేయు తీరు

చలామణిలో నున్న ద్రవ్యములో నోట్లు, నాణెములు కొద్దిభాగమే. మిగిలినదంతయు బ్యాంకులు, వర్తకులు ఒకరికొకరు ఇచ్చుకొన్న నమ్మకము. గుంటూరు మిరపయార్డులోని కమీషను వ్యాపారి బ్యాంకు వద్దను, ఎగుమతిదారుల వద్దను సొమ్ము తెచ్చి, పంట తనకే తోలవలెనను మాటపై రైతునకు పెట్టుబడి ఇచ్చును. ఎరువుల దుకాణదారు పురుగుమందును పంటమీది బాకీకి ఇచ్చును. నూలు మిల్లు జిన్నింగు మిల్లునకును, జిన్నింగు మిల్లు పత్తి బేరగానికిని గడువు లిచ్చుకొందురు. ఈ గొలుసులో పైకొస నున్న బ్యాంకు ఒక్కసారి చేయి బిగించినచో ఎగుమతిదారు కొనుగోలు ఆపును, కమీషను వ్యాపారి బాకీ అడుగును, రైతు నిలువయుంచదలచిన సరకును యార్డునకు తోలును. అందరును ఒక్కమారు అమ్మజూచుటచేత ధర పడును. బస్తా వెయ్యి రూపాయ లున్నప్పుడు లక్ష రూపాయల అప్పు నూరు బస్తాలతో తీరును. ధర ఐదువందలకు దిగినప్పుడు అదే అప్పునకు రెండువందల బస్తాలు పోయవలెను. అప్పు తీర్చుటకై ఎందరు ఎంత తొందరగా అమ్మిన, మిగిలిన అప్పు అంత బరువెక్కును. అమెరికా ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ 1933లో ఈ విషవలయమును రుణ ప్రతిద్రవ్యోల్బణ సిద్ధాంతముగా ప్రతిపాదించెను. ఆయన స్వయముగా 1929 షేర్ల పతనములో తన సంపదను కోల్పోయినవాడు.

ఈ పతనమునకు విరుగుడు నాణెమును అదుపు చేయు ప్రభుత్వము చేతిలో కలదు. కుంచించుకుపోయిన పరపతికి సరిపడునంత కొత్త ద్రవ్యమును సృష్టించినచో ధరలు నిలుకడ చెందును. సరకులు కొరవడియున్న వేళ అంతకు మించి సృష్టించినచో ద్రవ్యోల్బణము వచ్చును. 1929 నుండి 1933 వరకు అమెరికాలో ద్రవ్యరాశి మూడవవంతు హరించిపోవుచున్నను కేంద్రబ్యాంకు చాలినంతగా కలుగజేసికొనలేదని మిల్టన్ ఫ్రీడ్‌మన్, అన్నా ష్వార్ట్జ్ అనువారు 1963లో నిరూపించిరి. అచ్చట ఆ నాలుగేండ్లలో వినియోగదారుల ధరలు నాలుగవవంతు పడిపోయెను. మొదటి ప్రపంచయుద్ధానంతర జర్మనీలో దీనికి పూర్తిగా విరుద్ధముగా, ప్రభుత్వ వ్యయములో అధికభాగమునకు నోట్లే ముద్రింపబడి 1923 నాటికి మార్కు చిత్తుకాగిత మయ్యెను. జపానులో 1990 తరువాత షేర్ల ధరలు, భూముల ధరలు కూలినప్పుడు, నష్టములను బ్యాంకులు చాలకాలము దాచియుంచుటచేత, ధరలు పెరుగని దశాబ్దములు గడచెను. మూడు దేశములలో మూడు విధములైన పరిణామములు కలిగినందున, సంక్షోభము పేరును బట్టి ఫలితమును నిర్ణయింపరాదు. పరపతి గతిని, ప్రభుత్వ విధానమును, సరకుల లభ్యతను కలిపి చూడవలెను.

అమెరికా అంతర్యుద్ధము, కోకనాడ పత్తి

ఈ ప్రాంతము ప్రపంచ విపణి యొక్క పోటుపాట్లను మొదటిసారి తీవ్రముగా చవిచూచినది 1861 నుండి 1866 వరకు గల కాలమున. అప్పటికి గుంటూరు ప్రత్యేక జిల్లాగా లేదు. 1859లో మచిలీపట్టణముతో కలిపి కృష్ణాజిల్లాగా ఏర్పరుపబడి, 1904లో మరల వేరుపడెను. ఇచ్చటి ఎరుపు వన్నె గల పొట్టిపింజ పత్తి కాకినాడ రేవునుండి ఎగుమతి యగుటచేత కోకనాడ పత్తి యను పేరుతో వ్యాపార ప్రపంచమున ప్రసిద్ధి చెందెను. అమెరికా దక్షిణ రాష్ట్రముల రేవులు దిగ్బంధింపబడి లాంకషైరు మిల్లులకు పత్తి అందని కాలమున భారతీయ పత్తి ధర పలురెట్లు పెరిగెను. భారతదేశపు పత్తి ఎగుమతుల విలువ కూడ ఆ కొలది యేండ్లలో పలురెట్లయ్యెను. ఆ పత్తికి చెల్లింపుగా దేశములోనికి వెండి ప్రవహించుటచేత పత్తితోపాటు ధాన్యము ధరలు, కూలిరేట్లు కూడ పైకెక్కెను.

1865 ఏప్రిలులో దక్షిణ రాష్ట్రముల సేనాని జనరల్ లీ లొంగిపోవుటతో పత్తి ధర పతనమయ్యెను. జూలై 1వ తేదీన బొంబాయిలో గడువు తీరిన షేర్ల బేరములు చెల్లింపబడక, సముద్రమును పూడ్చి భూమిని సంపాదింపదలచిన బ్యాక్‌బే కంపెనీ మొదలు పలు సంస్థలు కూలెను. బొంబాయి బ్యాంకు 1868లో మూతపడెను. 1866 మే నెలలో లండనున ఓవరెండ్ గర్నీ సంస్థ చెల్లింపులు నిలిపివేసెను. ఈ సంక్షోభము వెంట వచ్చినది ధరల పతనమే. నాణెము వెండితో ముడిపడియున్న ఆ రోజులలో ప్రభుత్వము కోరినను కొత్త ద్రవ్యమును సృష్టించు వెసులుబాటు మిక్కిలి పరిమితము. పత్తి భూములకు అధిక ధర చెల్లించినవారు నష్టపోయిరి. ధర ఉచ్చస్థితి నున్నప్పుడు పాతబాకీలు తీర్చుకొన్న రైతులు మాత్రము తట్టుకొని నిలిచిరనుకొనవచ్చును; పది సంవత్సరముల తరువాత 1876–78లో వచ్చిన ధాత కరవు ఆ మిగులును కూడ హరించివేసెను.

1906 అక్టోబరులో చెన్నపట్టణమున అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీయుట స్థానికమైన సంక్షోభము. దానివలన ధరలు కదలలేదు గాని, రాజధానిలోని విదేశీ సంస్థలను నమ్మి సొమ్ము దాచుకొన్న వేలాది కుటుంబములు నష్టపోవుటచేత 1907లో ఇండియన్ బ్యాంకు స్థాపింపబడెను. తెలుగు జిల్లాలలో భోగరాజు పట్టాభిసీతారామయ్య 1923లో మచిలీపట్టణమున ఆంధ్రాబ్యాంకును నెలకొల్పెను.

మహామాంద్యము, దాని వెనుక యుద్ధము

విషయమునకు సంపూర్ణమైన దృష్టాంతము 1929 నుండి 1945 వరకు గల పదునారేండ్ల కాలము. ఒకే తరము మనుష్యులు ప్రతిద్రవ్యోల్బణమును, ద్రవ్యోల్బణమును రెండింటిని అనుభవించుటయే కాక, రెండింటిలోను ఎవరు లాభపడిరో, ఎవరు చితికిపోయిరో ప్రభుత్వ నివేదికలలో నమోదైన కాలమది.

మొదటి ప్రపంచయుద్ధము తరువాత పంటల ధరలు ఎత్తుగా నుండుటచేత రైతులు భూములు కొనుటకును, పెండ్లిండ్లకును, ఇండ్ల నిర్మాణమునకును ధారాళముగా అప్పులు చేసిరి. 1927లో ప్రభుత్వము రూపాయి విలువను పదునెనిమిది పెన్నీలుగా చట్టబద్ధము చేసెను. ఆ విలువ మిక్కిలి హెచ్చని భారతీయ వర్తకులు, నాయకులు ఎంత మొరపెట్టినను లెక్కచేయలేదు. 1929 అక్టోబరులో న్యూయార్కు షేర్లు కూలిన పిమ్మట ప్రపంచమంతట పంటల ధరలు పడిపోవుచుండగా, ఈ పదునెనిమిది పెన్నీల రేటును నిలుపుటకై భారత ప్రభుత్వము దేశములో చలామణిని ఇంకను కుదించెను. కలకత్తా టోకు ధరల సూచి (1914 జూలైకి 100 చొప్పున) 1929లో 141 ఉండగా, 1933 నాటికి 87కు దిగజారెను. రైతు అమ్ము సరకుల ధరలు అంతకన్న ఎక్కువగా పడెను. మద్రాసు రాజధానిలో ధాన్యము ధర సుమారు సగమయ్యెను, పత్తి, వేరుసెనగలు కూడ ఆ దారినే పోయెను.

రైతు చెల్లించవలసిన వానిలో మాత్రము తరుగుదల లేదు. రైత్వారీ శిస్తు రూపాయలలో నిర్ణీతము. ప్రోనోటు మీది అసలు, వడ్డీ నిర్ణీతములు. ధరలు కూలుచున్న ఆ వేళలోనే కృష్ణా, గోదావరి జిల్లాలలో శిస్తును నూటికి పదునెనిమిదిన్నర రూపాయలకు పైగా పెంచ బూనుట, ప్రభుత్వము ఎంత దయాశూన్యముగా ప్రవర్తింపగలదో చూపినది. నిడుబ్రోలు వాస్తవ్యుడు, ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రము చదివి వచ్చిన ఆచార్య ఎన్. జి. రంగా ఈ పెంపునకు విరోధముగా రైతులను సమీకరించెను. 1926లోనే డెల్టా గ్రామముల ఆర్థిక నిర్మాణముపై గ్రంథము ప్రకటించియున్న ఆయనకు, ధర సగమైనచో శిస్తు, వడ్డీ రెట్టింపైనట్లే యను విషయమును అంకెలతో నిరూపించుట కష్టము కాలేదు. మద్రాసు రాజధాని వ్యావసాయిక రుణము 1930లో బ్యాంకింగు విచారణ సంఘము అంచనా ప్రకారము 150 కోట్ల రూపాయలు. 1935లో సత్యనాథన్ నివేదిక దానిని 200 కోట్లుగా లెక్కించెను. కొత్త అప్పులు పుట్టుటయే దుర్లభమైన ఆ ఐదేండ్లలో రుణము పెరుగుటకు ప్రధాన హేతువు, తీర్చలేని వడ్డీ అసలులో చేరుటయే.

1931 సెప్టెంబరు 21వ తేదీన బ్రిటను బంగారు ప్రమాణమును విడనాడెను; స్టెర్లింగుతో ముడిపడియున్న రూపాయి కూడ బంగారముతో బంధము తెంచుకొనెను. అంతవరకు తులము 21 రూపాయల 3 అణాల 10 పైలకు చట్టరీత్యా కట్టుబడిన బంగారము ధర పైకెక్కనారంభించెను. పంట ధర సగమై బంగారము ధర పెరిగినప్పుడు శిస్తునకు, వడ్డీకి తీర్చుదారి ఇంటనున్న నగలే యయ్యెను. పల్లెపల్లెకును బంగారము కొను బేరగాండ్రు తిరిగిరి. దేశమునుండి కోట్లాది రూపాయల బంగారము ఓడలకెక్కి లండనునకు తరలెను. ధర హెచ్చుటను చూచి జనులు లాభమునకు అమ్ముకొనుచున్నారని ప్రభుత్వ పక్షము వాదించెను. శిస్తు గడువు సమీపించినప్పుడు స్త్రీల మెడలలోని నాను, కాసుల పేరు అమ్ముడుపోవుటను లాభాపేక్ష యనుట న్యాయము కాదు. అయినను ఇందులో గ్రహింపదగిన ఆర్థికసత్య మొకటి గలదు: 1931కు పూర్వము బంగారము రూపాయి ధర కదలకున్నను పంటతో పోల్చినచో దాని విలువ హెచ్చెను, 1931 తరువాత రూపాయలలో కూడ పెరిగెను. ప్రతిద్రవ్యోల్బణమున సైతము బంగారము ఇంటిని నిలిపిన దనుటకు ఇది సాక్ష్యము.

ఆ చీకటి రోజులలో ఈ జిల్లాకు వెలుగుచూపిన పంట వర్జీనియా పొగాకు. సామ్రాజ్య దేశముల పొగాకునకు బ్రిటను సుంకములో రాయితీ ఇచ్చుచుండెను; 1932 ఒట్టావా ఒప్పందము ఆ రాయితీని స్థిరపరచెను. చీరాల కేంద్రముగా ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ కొనుగోలు సాగించుటచేత గుంటూరు నల్లరేగడిలో పొగాకు కాల్చు బ్యారనులు వెలసెను. ధరలన్నియు పడుచున్న కాలమున గూడ కొనువాడు నిశ్చితముగా నున్న సరకు నిలువగలదని ఆ అనుభవము తెలిపెను. ఒక్క కొనుగోలుదారుపై ఆధారపడుటలోని అపాయము, ముఖ్య కొనుగోలుదారైన సోవియటు యూనియను విచ్ఛిన్నమైన 1991 తరువాత అదే పొగాకు రైతులకు తెలియవచ్చెను.

1938లో రాజగోపాలాచారి మంత్రివర్గము మద్రాసు వ్యవసాయదారుల రుణవిముక్తి చట్టము తెచ్చెను. 1932 అక్టోబరు 1కి పూర్వపు అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకొన్న వడ్డీ రద్దయ్యెను. అసలునకు రెట్టింపు చెల్లించియున్నచో అప్పే తీరినట్లు పరిగణింపబడెను. తరువాతి అప్పులకు వడ్డీ నూటికి ఐదు రూపాయలకు కుదింపబడెను. ధరల పతనముచేత అప్పునకు అన్యాయముగా వచ్చిన బరువును చట్టము దించెను గనుక దీనిని రుణదాతలపై దౌర్జన్యముగా వర్ణించుట సరికాదు. ఐనను వడ్డీవ్యాపారులు కొత్తగా అప్పు లిచ్చుటకు జంకుటయు, భూమిలేని రైతునకు అప్పు పుట్టుట మరింత కష్టమగుటయు వాస్తవములు.

రెండవ ప్రపంచయుద్ధము ఈ చిత్రమును తలక్రిందులు చేసెను. బ్రిటను తన యుద్ధవ్యయమునకై ఇచ్చట కొన్న సరకులకు లండనులో స్టెర్లింగు పద్దు వ్రాసి, దాని హామీపై ఇచ్చట రిజర్వుబ్యాంకుచేత నోట్లు ముద్రింపించెను. 1939లో సుమారు 180 కోట్ల రూపాయలున్న నోట్ల చలామణి యుద్ధాంతమునకు 1,100 కోట్లు దాటెను. 1942లో బర్మా జపాను వశమై బియ్యపు దిగుమతి నిలిచిపోయెను. ధరలు లేచుటతో, పదేండ్లుగా తీరని బాకీలు రెండు మూడు పంటలతో తీరెను. బి. వి. నారాయణస్వామి నాయుడు 1946లో సమర్పించిన రుణ విచారణ నివేదిక ప్రకారము 1939 నుండి 1945 లోపల రాజధానిలోని వ్యావసాయిక రుణము దాదాపు ఐదవవంతు తగ్గెను. అదే నివేదిక మరియొక విషయము కూడ తెలిపెను: రుణము తగ్గినది పెద్ద, మధ్యతరగతి భూస్వాములకు, భూమిలేని వ్యవసాయకూలీల రుణము పెరిగెను. అమ్ముటకు పంట లేక, కొనుటకు బియ్యమే గల కుటుంబమునకు ద్రవ్యోల్బణము రుణవిముక్తిని కాక ఆకలిని తెచ్చెను. మాంద్యములో భూమిని వదలుకొనక నిలువగలిగినవాడే యుద్ధకాలపు ధరలతో బాగుపడెను. మాంద్యములోనే వేలములో భూమి పోగొట్టుకొన్నవానికి ఆ ధరలు ఎందుకును కొరగాలేదు.

స్వాతంత్ర్యానంతర సంక్షోభములు

1991 నాటి సంక్షోభము వేరు జాతికి చెందినది. బ్యాంకులు కూలలేదు, విదేశమారకము అడుగంటెను. ప్రభుత్వము బంగారమును తాకట్టు పెట్టి, జూలై 1, 3 తేదీలలో రూపాయి విలువను రెండు మారులు తగ్గించెను. ఎరువుల ధరలు పెంచెను. టోకు ధరల ద్రవ్యోల్బణము ఆ సంవత్సరము ఆగస్టునాటికి నూటికి 16 దాటెను. ఇట్టి సంక్షోభమున ఎగుమతి సరకు పండించు రైతునకు అమ్మకపు ధరయు, కొనుగోలు ఖర్చును రెండును పెరుగును.

2008 సెప్టెంబరు 15న న్యూయార్కులోని లేమన్ బ్రదర్స్ బ్యాంకు కూలినప్పుడు మొదటి దశ యథాప్రకారముగా నడిచెను. అంతర్జాతీయ విపణిలో పత్తి ధర కొలది వారములలో పతనమయ్యెను. అదృష్టవశాత్తు ఆ సీజనుకు కేంద్రప్రభుత్వము పొడుగుపింజ పత్తి మద్దతు ధరను క్వింటాలుకు 2,030 రూపాయలనుండి 3,000 రూపాయలకు పెంచియుండెను. కొనువారు లేని విపణిలో భారత పత్తి సంస్థ దేశము మొత్తముమీద 90 లక్షల బేళ్లకు దరిదాపుగా కొనెను. గుంటూరు, ప్రకాశం రైతులు 1930ల నాటి గతి పట్టక తప్పించుకొనుటకు ఇదియే ముఖ్యకారణము. మద్దతు ధర యను సాధనము ప్రతిద్రవ్యోల్బణమునకు ఎట్లు అడ్డుకట్ట వేయగలదో దీనికన్న మించిన నిదర్శన మవసరము లేదు. రిజర్వుబ్యాంకు రెపో రేటును 9 నుండి 4.75 శాతమునకు, నగదు నిల్వ నిష్పత్తిని 9 నుండి 5 శాతమునకు తగ్గించెను. 2009 జూనులో టోకు ధరల సూచి గత సంవత్సరముకంటె తక్కువకు పడెను. అదే సమయమున వ్యవసాయకూలీల వినియోగ ధరల సూచి పది శాతమునకు పైగా పెరుగుచుండెను. అనావృష్టి తోడై ఆ సంవత్సరాంతమున ఆహార ద్రవ్యోల్బణము ఇరువది శాతమును సమీపించెను. ఒకే దేశమున ఒకే నెలలో మిల్లు యజమానికి ప్రతిద్రవ్యోల్బణమును, కూలివానికి ద్రవ్యోల్బణమును ఏకకాలమున సంభవించెను.

రెండవ దశ 2010లో వచ్చెను. అమెరికా కేంద్రబ్యాంకు సృష్టించిన ద్రవ్యమునకు పాకిస్తాను వరదలచేత కలిగిన పంటనష్టము తోడగుటతో 2011 మార్చినాటికి పౌను పత్తి రెండు డాలర్లు దాటెను. ఇచ్చట క్వింటాలు ఏడువేల రూపాయలవరకు పలికెను. ఎగుమతులపై ప్రభుత్వము విధించిన పరిమితులు రైతునకు ఆ లాభమును పూర్తిగా దక్కనీయలేదు. ఆ ధరను నమ్మి తరువాతి సంవత్సరము కౌలు పెంచుకొని పత్తి నాటినవారు, వేసవిలోనే ధర విరిగిపోవుటచేత తీవ్రముగా నష్టపోయిరి. రిజర్వుబ్యాంకు 2010 మార్చి నుండి 2011 అక్టోబరు లోపల పదుమూడు మారులు వడ్డీరేటు పెంచవలసివచ్చెను.

2016 నవంబరు 8న చలామణిలోని నోట్లలో విలువనుబట్టి నూటికి 86 వంతులు రద్దగుట బ్యాంకులు కూలిన సంక్షోభము కాదు గాని, నగదుమీద నడుచు మిరపయార్డునకు దాని ప్రభావము పరపతి సంకోచమువంటిదే. అంతకు పూర్వ సంవత్సరము మంచి ధర వచ్చినందున మిరప విస్తీర్ణము మిక్కిలి పెరిగి, 2017 వేసవిలో సరకు వెల్లువెత్తెను. పదివేలు దాటియుండిన క్వింటాలు ధర మూడు, నాలుగువేలకు దిగెను. మే నెలలో కేంద్రము 5,000 రూపాయల ధరకు 88,300 టన్నులు కొనుటకు అనుమతించెను. రాష్ట్రప్రభుత్వము క్వింటాలుకు 1,500 రూపాయల సహాయము ప్రకటించెను. ఆ జూనులో దేశపు వినియోగ ధరల ద్రవ్యోల్బణము ఒకటిన్నర శాతము దరిదాపునకు తగ్గెను. ఈ పతనములో నోట్ల రద్దు పాలెంత, అధికోత్పత్తి పాలెంత యని విడదీయుట కష్టము. అధికోత్పత్తియే ప్రధానమని తోచుచున్నది.

పంట ధరలోని ప్రతి కదలికను ద్రవ్యమునకు అంటగట్టరాదు. 1987లో ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తిరైతులు ఆత్మహత్యలకు పాల్పడినది తెల్లదోమ పంటను నాశనము చేసినందున. 2021–22లో నల్ల తామరపురుగు మిరపతోటలను పీల్చివేయుటచేత ధర 20,000 రూపాయలు దాటెను; పంటలేని రైతునకు ఆ ధరతో ఫలమేమి? అదే కాలమున పత్తి క్వింటాలు పదివేలు దాటుటలో మాత్రము, కోవిడ్ వ్యాధి వెనుక ప్రపంచ ప్రభుత్వములు కుమ్మరించిన ద్రవ్యము పాలు స్పష్టముగా కలదు. 2022 జూనులో అమెరికా ద్రవ్యోల్బణము 9.1 శాతమై నలువదియేండ్లలో ఎరుగని స్థాయి చేరెను. 2025 ఫిబ్రవరిలో మిరప ధర కూలి, కేంద్రము 11,781 రూపాయల ధరకు 2.58 లక్షల టన్నులవరకు మార్కెట్ జోక్య పథకమును అనుమతించినప్పుడు దేశములో ఏ ద్రవ్యసంక్షోభమును లేదు.

మదుపు విషయము

ఈ జిల్లాలలో కుటుంబపు సొమ్ము నిలుచు స్థానములు అనాదిగా భూమి, బంగారము, అప్పుగా నిచ్చిన ధనము. ఇటీవల శీతలగిడ్డంగిలోని మిరప టిక్కీలు (బస్తాలు), బ్యాంకు డిపాజిట్లు, షేర్లు చేరినవి. సంక్షోభపు రెండు దశలలో వీని నడత వేరువేరు.

అన్నింటికంటె ముందు విచారింపవలసినది అప్పు. ద్రవ్యోల్బణమున అప్పు కరగునన్నది సత్యమే. 1943లో అది జరిగెను. కాని 1930లో అప్పుచేసినవాడు ఆ ఫలము పొందుటకు పది సంవత్సరములు వేచియుండవలసివచ్చెను, ఋణదాత అంతకాలము ఆగలేదు. కావున దీర్ఘకాలపు గడువు, స్థిరమైన తక్కువ వడ్డీ గల అప్పు భరింపదగినది. పంటకాలమునకు తీర్చవలసిన, నూటికి నెలకు రెండు మూడు రూపాయల ప్రోనోటు పరపతి బిగిసిన తొలినాళ్లలోనే ఇంటిని కూల్చును. ఇదియే ఈ వ్యాసమున మదుపరికి చెప్పదగిన ప్రధాన విషయము. మిగిలినవి దీని తరువాతనే.

బంగారము 1930లలోను, 2008 తరువాతను రెండు దశలలోను నిలిచెను: 2008లో పదిగ్రాములు సుమారు పండ్రెండు, పదుమూడు వేలుండగా, 2012 నాటికి ముప్పదివేలు చేరెను. రూపాయి విదేశీ విలువ తగ్గినప్పుడెల్ల బంగారము ధర ఇచ్చట పెరుగుట దీనికి తోడ్పడుచున్నది. అయితే అది వడ్డీ నీయదు. తాకట్టులో నున్న బంగారము ధర పడినప్పుడు వేలమునకు పోవు ప్రమాదము కలదు.

భూమి ద్రవ్యోల్బణమున రక్షణ నిచ్చును గాని సంక్షోభపు తొలిదశలో కొనువారుండరు. 2014లో అమరావతి రాజధానిగా ప్రకటింపబడిన పిమ్మట గుంటూరు పరిసరముల భూములు ఆకాశమునంటి, 2019 చివర మూడు రాజధానుల ప్రకటనతో కూలినప్పుడు, అప్పుచేసి ఇండ్లస్థలములు కొన్నవారు అమ్ముకొనలేక వడ్డీలు కట్టుచు నలిగిపోయిరి. దేశములో ధరలు పెరుగుచున్నను ఒక ప్రాంతపు భూమికి మాత్రమే ప్రతిద్రవ్యోల్బణము రాగలదు.

శీతలగిడ్డంగిలో నిలువచేసిన మిరపను పలువురు ధర పెరుగుదలకు హామీగా భావింతురు. గుంటూరు చుట్టుపట్ల నూటికి పైగా గల ఈ గిడ్డంగులు రైతును కళ్లములోనే అమ్ముకొను దుస్థితినుండి తప్పించుట మెచ్చదగినది. కాని గిడ్డంగి బాండుపై అప్పు తెచ్చుకొన్నవానికి అద్దెయు, వడ్డీయు నెలనెలకు పెరుగును; కాయ రంగు తగ్గును; కొత్తపంట దిగినంతనే పాతసరకు ధర విరుగును. 2017లోను, 2025లోను పాతనిల్వలు కూడ కొత్తపంట ధరను క్రిందికి లాగెను. ద్రవ్యోల్బణమునుండి రక్షణకై మిరపను నిలువచేయుట పెట్టుబడి కాదు, వ్యాపారము. వ్యాపారికి గల వార్తలు, ఓపిక ఉన్నవారికే అది తగును.

బ్యాంకు డిపాజిట్టు తొలిదశలో శ్రేష్ఠము, రెండవదశలో క్షీణించును. 2020 ఫిబ్రవరి నుండి ఒక్కొక్క బ్యాంకులో ఐదులక్షల రూపాయల వరకు బీమా కలదు. అధికవడ్డీ ఆశచూపు ప్రైవేటు డిపాజిట్ సంస్థలకు ఆ బీమా లేదు, కోస్తా జిల్లాలలో అట్టి సంస్థలు మునిగినప్పుడు నష్టపోయినవారు పెండ్లికి, చదువునకు కూడబెట్టుకొన్న సామాన్యులే. వడ్డీరేట్లు తగ్గు తొలిదశలో దీర్ఘకాల ప్రభుత్వ బాండ్ల విలువ పెరుగును. షేర్ల విషయమున, 2008 జనవరిలో 21,000 ఉన్న సెన్సెక్సు అక్టోబరులో ఎనిమిదివేల దిగువకు పడి 2010 నవంబరులో మరల 21,000 చేరెను. ఆ దాదాపు మూడుసంవత్సరములు అమ్మనక్కరలేని సొమ్ము పెట్టినవానికి నష్టము లేదు, పంట పెట్టుబడి సొమ్మును షేర్లలో పెట్టినవానికి మాత్రము అక్టోబరులోనే తెగనమ్మవలసివచ్చెను.

ఈ చర్చయంతయు ఏదో ఒక ఆస్తి గలవారికే వర్తించును. నేడు ఈ జిల్లాలలో మిరప, పత్తి సాగు చేయువారిలో కౌలుదారులు గణనీయముగా నున్నారు. మిరప పొలమునకు నగదు కౌలు పంట ధర తెలియకముందే నిశ్చయమై, పెక్కుచోట్ల ముందుగనే చెల్లింపబడును. వారికి తాకట్టు పెట్టుటకు పట్టా లేదు, కరవులో అమ్ముకొనుటకు పొలము లేదు, రుణమాఫీలు పట్టాదారు పేరుననే జరుగును. 2011 నాటి అధీకృత సాగుదారుల చట్టము, 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టము వీరికి కార్డులిచ్చి బ్యాంకుల తలుపులు తెరువనుద్దేశించినవి. రెండవ చట్టము ప్రకారము భూస్వామి సమ్మతి సంతకము అవసరమగుటచేత, తమ హక్కునకు భంగము కలుగునేమో యని భూస్వాములు వెనుదీయుటయు, కార్డు లేని కౌలుదారు కమీషను వ్యాపారి వద్దకే మరలుటయు నేటికిని సాగుచున్నవి.